చేలో బాలింత

ఉరవకొండ నుంచి వజ్రకరూరు పోయే దారిలో కార్లు ఆపి ఫోటోలు తీసుకునేవాళ్లకు కృష్ణజింకలు ముద్దుగానే ఉంటాయి. వేరుశనగ వేసినవాళ్లను అడగాలి. బీళ్లన్నీ చదును చేసి సోలార్ పలకలు పరిచాక వాటికి మా చేలే దిక్కయ్యాయి. మొలక పైకొచ్చిందో లేదో మంద దిగుతుంది. అమ్మ కంచాన్ని గరిటెతో మోగిస్తూ గట్లన్నీ తిరిగేది. ఆమె తిట్లకు జింకలు ఒకసారి తలెత్తి చూసి మళ్లీ మేసేవి. నాకూ వాటి మీద ఏ ప్రేమా ఉండేది కాదు.

ఆ ఏడు పక్క చేని ఆయన విసిగిపోయాడు. మోటారు లైను నుంచి కరెంటు లాగి రెండు చేల చుట్టూ తీగ కడదామన్నాడు. జింక చచ్చినా మనిషి చచ్చినా జైలేనని అందరికీ తెలుసు. కానీ ఆ పంట పోతే ఏడాదంతా మాకు కూలే గతి. అమ్మ కాదనలేదు. "రేపు చెప్తాలేప్పా" అంది. నాకు భయమేసింది.

మర్నాడు కలుపు తీస్తున్నాం. తలా ఒక సాలు పట్టుకుని జరుగుతుంటే, నా పక్కనున్న కూలామె "అయ్యో" అని ఆగింది. గడ్డిలో జింక పిల్ల. మెడ నేలకానించి పడుకుంది, ఊపిరి తప్ప కదలిక లేదు.

"తల్లి ఇడిచిపెట్టి పోయినట్టుండాది. ఎత్తకపోయి మేకపాలు పోద్దాం" అని ఆమె చేతులు చాచింది.

అమ్మ కసిరింది. "ముట్టొద్దు! తల్లి యాడికీ పోలేదు. మనం ఈడ నుంచి పోతే వస్తాది."

ఆ సాలునూ దాని పక్క సాళ్లనూ కలుపు తీయకుండా అట్లే వదిలేశాం.

సాయంత్రం పక్క చేని ఆయన తీగచుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. ఆ సాళ్లు చూసి నవ్వాడు. "ఏమక్కా, గడ్డి పెంచుతాండావా?"

"తీగ వద్దప్పా. నా చేన్లో బాలింత ఉండాది."

కూలికొచ్చిన మనిషి అనుకున్నాడేమో, ఉయ్యాల కోసం గట్టు మీది వేపచెట్టు వైపు చూశాడు. అమ్మ వేలితో గడ్డిలోని జింక పిల్లను చూపించింది. మా దగ్గర బాలింత ఉన్న ఇంటి ముందు గట్టిగా మాట్లాడరు. ఆయన తీగచుట్ట భుజం మార్చుకుని వెళ్లిపోయాడు.

పంట బాగానే దెబ్బతింది. అమ్మ కంచమూ ఆగలేదు, తిట్లూ ఆగలేదు. ఆ సాళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం కంచం చంకలో పెట్టుకుని మెల్లగా దాటేది. కొన్నాళ్లకు పక్క చేని ఆయన గట్టు మీద నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు.

"అక్కా, బాలింత ఉండాదా, పోయినాదా?"