మూడు గుంజల మాట

నేను పనిచేసే ట్రావెల్స్ ఆఫీసు మహబూబ్‌నగర్ బస్టాండుకు ఎదురుగా ఉంది. పొద్దున్నే మా సేటు వెలిగించే అగరుబత్తి పొగ, బయటి బస్సుల డీజిల్ పొగ కలిసి ముక్కుకు తగిలితే యాదగిరి సార్ గుర్తొస్తాడు. ఆయనకు రెండూ పడేవి కావు, తుమ్మేవాడు.

అచ్చంపేట దగ్గర మా ఊరి బడిలో ఆయన తాత్కాలికంగా ఇంగ్లీషు చెప్పేవాడు. మాటకు అర్థం చెప్పి ఊరుకునే మనిషి కాదు, దాని తాతముత్తాతల దాకా పోయేవాడు. ఎనిమిదో తరగతిలో ఒకరోజు ‘ట్రావెల్’ వచ్చింది. అది ఫ్రెంచివాళ్ళు కష్టపడి చాకిరీ చేయడానికి వాడే మాట నుంచి పుట్టిందట. దానికీ వెనక, లాటిన్‌లో, మనుషుల్ని కట్టేసి హింసించే మూడు గుంజల కొయ్య ఉందట. వెనకట ప్రయాణమంటే అంత బాధ అన్నాడు. నేను లేచాను.

“సార్, మూడు గుంజలు పాతి మీద ప్లాస్టిక్ పట్టా గప్పితె, పూనాల మా ఇల్లు గదే.”

ముందు సారే నవ్వాడు. తర్వాత సుద్దముక్క పక్కన పెట్టి, మళ్ళీ పూనాకు ఎప్పుడు పోతున్నారని అడిగాడు. దసరా కాగానే అన్నాను. ఈసారి నేను కూడా కూలికేనని చెప్పాను.

సాయంత్రం సార్ మా ఇంటికొచ్చి, నన్ను ఊళ్ళోనే వదిలిపెట్టమని నాయినను బతిమాలాడు. నాయిన బీడీని నేలకు రాసి ఆర్పాడు.

“ఇడ్సిపెడ్తే వీనికి బువ్వెవరు పెడ్తరు సార్?”

“నేను పెడ్త.”

పది పూర్తయ్యేదాకా పెట్టాడు. ఆయన వండే పప్పు కంటే ఆ మూడు గుంజల కొయ్యే నయమని ఆయనతోనే అన్నాను. ఇంకో గరిటె వేశాడు.

కరోనాకు బడి మూతపడి ఆయన జీతం ఆగింది. దారులు తెరుచుకోగానే, మా నాయినను తీసుకుపోయే మేస్త్రి లారీలోనే ఎక్కాడు. ఎక్కడికని అడిగితే, “ట్రావెల్ రా,” అన్నాడు. నెల తిరక్కముందే పూనాలో కడుతున్న గోడ కూలి ఆయన ప్రాణం తీసింది. లారీలో నిలబడి పోయిన మనిషి పడుకొని వచ్చాడు. ఈ మాటకు నవ్వగలిగినవాడు ఆయనొక్కడే.

మొన్న ఒక జంట పూనాకు మూడు టికెట్లు అడిగింది. మూడోది పక్కనున్న పిల్లవాడికి. బడి సంగతి అడిగాను. సేటు గుర్రుగా చూశాడు.

“మరి వీనికి బువ్వెవరు పెడ్తరన్నా?” అన్నాడు తండ్రి.

నా గదిలో ఉన్నది ఒకటే పళ్ళెం. జోకు కోసం వెతికాను, రాలేదు. నోటికి సార్ జవాబే వచ్చింది. ఆ తండ్రికి నమ్మకం కుదిరేసరికి రెండు బస్సులు పోయాయి. తర్వాతి బస్సుకు రెండు టికెట్లే కొట్టాను.