మోటారుతో జుగల్బందీ

చప్పుడు వినిపిస్తే చాలు, పీపీ బావ చేతులు ఊరుకోవు. సంచిలోంచి క్లారినెట్ తీసి దానితో జత కలిపేస్తాడు. వెనక్కొచ్చే లారీ అయినా, మూలిగే ఫ్రిజ్ అయినా ఆయనకి తోటి కళాకారుడే. దీన్ని ప్రయోగాత్మక సంగీతం అంటారు. ఆయనతో వాయించడానికి పేరున్నవాళ్లు కూడా ఎగబడతారు. ఇంట్లో ఆయన భార్య అయిన అక్క మాత్రం, "ప్రయోగాలన్నీ నా మీదేగా!" అంటుంది.

ఆ అక్క తమ్ముడు రికార్డిస్టు, పాటలు రికార్డు చేసే స్టూడియో నడుపుతాడు. బావ ఆల్బములన్నీ అతని స్టూడియోలోనే తయారయ్యాయి కాబట్టి, పాట్లన్నీ అతనే పడ్డాడు. ఒకసారి బావ పన్ను చూపించుకోవడానికి వెళ్తూ అతన్నీ, మైకునీ వెంటబెట్టుకెళ్లాడు.

"డాక్టరుగారూ, ఆ తొలిచే మిషను ఇంకాస్త పై స్థాయిలో తిప్పరూ?"

"ముందు నోరు తెరవండి!"

"నోరు తెరిస్తే వాయించేదెలాగండీ?"

పన్ను ఉన్నచోటే ఉంది. ఆల్బములో ఇంకో ట్రాకు చేరింది. అట్ట మీద డాక్టరుగారి పేరు వాద్యకారుల్లో వేయించేదాకా బావ నిద్రపోలేదు.

ఇలా ఉండగా రికార్డిస్టు కొంప మునిగింది. ఇంటి ఓనరమ్మ స్టూడియో గోడకి ఆనించి నీళ్ల మోటారు బిగించింది. పొద్దస్తమానం ఒకటే రొద. గోడలకి పరుపులు కట్టినా మైకులోకి దూరిపోయేది. ఒక గాయని సగం పాటలో హెడ్‌ఫోన్లు విసిరేసి వెళ్లిపోయింది. తక్కినవాళ్లూ మొహం చాటేశారు. ఓనరమ్మని బతిమాలితే, "నాకు నీళ్లు ముఖ్యం నాయనా, పాటలు కాదు," అంది. ఇక స్టూడియో మూసేద్దామని, బోర్డు పీకడానికి అతను స్టూలెక్కాడు.

"ఆగరా బామ్మర్దీ!" అంటూ ఊడిపడ్డాడు బావ. "లోపల పాడుతున్న ఆ మహానుభావుడెవర్రా?"

"మోటారు బావా. నా కొంప తీసింది."

"ఏం గొంతురా! ఊపిరే పీల్చుకోదేంట్రా! దిగు, దిగు, మైకు పెట్టు!"

క్లారినెట్ మెడ దగ్గర అతుకు కాస్త బయటికి లాగి, మోటారు శ్రుతికి దించి అందుకున్నాడు. రెండు స్వరాలూ ఒరుసుకుంటుంటే గదంతా ఊగింది. రికార్డిస్టుకి ఒళ్లు జలదరించింది. మర్నాడు సెల్లో అనే పెద్ద వయొలిన్ వాయించే ఒకావిడనీ, ఆ మర్నాడు రేకు డబ్బాల డ్రమ్మరునీ బావ లాక్కొచ్చాడు. వారాల తరబడి అదే వరస. ఆల్బము బయటికొచ్చిందో లేదో, ఫోన్లే ఫోన్లు!

"మోటారున్న స్టూడియో మీదేనాండీ? దాని డేట్లేమైనా ఖాళీ ఉన్నాయా?"

మోటారుకి డేట్లు! రికార్డిస్టు సంబరానికి పట్టపగ్గాల్లేవు. కేకు కొనుక్కుని అక్క ఇంటికి పరిగెత్తాడు.

తీరా చూస్తే, బావ కర్టెన్లు మూసుకుని, నుదుటి మీద తడిగుడ్డతో పడుకుని ఉన్నాడు.

"ఏమైందక్కా?"

"రోజూ ఉండేదేరా," అంది అక్క గొంతు తగ్గించి. "ఆ మోటారు రొద ఆయనకి అస్సలు పడదు. పావుగంట వింటే తల పగిలిపోతుంది. మాత్ర మింగి నీ దగ్గరికొస్తాడు, ఇంటికొచ్చి ఇంకోటి మింగుతాడు."

"అదేంటి! బావకి అన్ని చప్పుళ్లూ ఇష్టమేగా?"

"అన్నీ ఇష్టమే, అదొక్కటి తప్ప. నీకు తెలిస్తే ఆ బోర్డు పీకేస్తావని నాచేత ఒట్టేయించుకున్నాడు."

రికార్డిస్టుకి బావ మీద ప్రేమ ముంచుకొచ్చింది, దాని వెనకే కోపమూ వచ్చింది. గబగబా బాల్కనీలోకి వెళ్లి ఓనరమ్మకి ఫోన్ చేశాడు.

"ఏవండీ, మీ మోటారుకి బోలెడంత పేరొచ్చింది. అలా గోడ చాటున దాచేస్తే ఏం బావుంటుంది?"

"నిజమే సుమా! రేపే గేటు పక్కకి మార్పిస్తాను. నలుగురూ చూస్తారు," అంది ఆవిడ పొంగిపోతూ.

మోటారు గొంతు గంటలకొద్దీ రికార్డయ్యే ఉంది. కావాల్సినవాళ్లకి హెడ్‌ఫోన్లలో వినిపిస్తే సరి. అతను లోపలికొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"బావా, రేపట్నుంచి మన స్టూడియోలో మోటారు వినపడదు. గేటు దగ్గరికి మార్చేస్తున్నారు."

బావ దిగ్గున లేచి కూర్చున్నాడు. "అయ్యయ్యో! అంతటి కళాకారుణ్ణి..." అని విచారంగా అనబోయాడు గానీ, నవ్వు ఆగలేదు. తడిగుడ్డ అవతల పారేసి, "ఏమేవ్, ఆ కేకు ఇలా పట్రా, ఆకలి దంచేస్తోంది!" అని కేకేశాడు.