మా మోటారు నంబరు

ఆ రోజుల్లో టెక్నాలజీ గురించి రాయడానికి టెక్నాలజీ తెలియాల్సిన పని లేదని నేను గట్టిగా నమ్మేదాన్ని. ఇప్పుడు అదే పని చేసి జీతం తీసుకుంటున్నాను కాబట్టి ఆ నమ్మకం పూర్తిగా తప్పని అనలేను. పొద్దున లేస్తే ఏదో ఒక కొత్త ఫోను, సాయంత్రానికి దాని తమ్ముడు, రెండింటికీ తేడా ఏమిటో రాయమని ఆఫీసు నుంచి మెసేజీ. తేడా ఏమీ ఉండదు. ఆ లేని తేడాను పేజీ నిండా రాసి, మెడ నొక్కుకుంటూ కూర్చున్నప్పుడు, అసలు ఈ పనిలోకి ఎలా వచ్చిపడ్డానా అని ఆలోచిస్తే మా నాయన బోరు మోటారు గుర్తొస్తుంది. నాకు ఉద్యోగం ఇప్పించింది అదే.

కంప్యూటర్లతో డిగ్రీ పూర్తిచేసి నంద్యాలలో పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. ఉండేదాన్ని అనడమే సరైన మాట, అంతకుమించి ఏమీ చేసేదాన్ని కాదు. పెద్దమ్మ అంటే అమ్మకు అక్క, బడిలో టీచరు. నాయన ఆళ్లగడ్డ దగ్గర పల్లెలో మిరప పండించేవాడు. ఎండాకాలం దాకా చూస్తానని, ఆలోపు ఉద్యోగం రాకపోతే బి.ఇడి.లో చేర్పిస్తానని ఆయన చెప్పేశాడు. మా నాయన ఒకసారి చెప్పాడంటే అది రిజిస్ట్రారు ఆఫీసులో ముద్ర పడినట్టే. బి.ఇడి. అంటే నాకెందుకు భయమంటే, రోజూ సాయంత్రం గొంతు పోయి, జుట్టు నిండా సుద్దపొడితో ఇంటికొచ్చే పెద్దమ్మను చూస్తుండేదాన్ని. (ఈ మాట ఆమె ముందే అన్నందుకు ఆ వారమంతా నాకు ఉగ్గాని పక్కన బజ్జీ పడలేదు.)

అప్పుడు కనిపించింది ఆన్‌లైన్లో వ్యాసాల పోటీ. తెలుగులో టెక్నాలజీ గురించి వారానికో వ్యాసం రాయాలి. వాళ్లు దాన్ని తమ వెబ్‌సైటులో పెడతారు, తప్పులు చెప్తారు, పాఠకులు కింద కామెంట్లు రాస్తారు. బాగా రాసినవాళ్లకు ఇంటి నుంచే చేసుకునే ఉద్యోగం. నేను పేరు ఇచ్చిన ఆదివారమే పెద్దమ్మ చర్చిలో లేచి నిలబడి, మా చెల్లెలి బిడ్డ కంప్యూటర్లో పోటీ రాస్తోంది, అందరూ ప్రార్థన చేయండి అని చెప్పింది. ఆ దెబ్బతో ఓడిపోతే తలెత్తుకుని తిరగలేని పరిస్థితి నంద్యాలలో కూడా ఏర్పడింది.

మొదటి వ్యాసం ఒక ఖరీదైన ఫోను గురించి రాశాను. ఇంగ్లీషులో ఉన్న సమాచారాన్ని ముందేసుకుని చరవాణి, అంతర్జాలం, స్పర్శాఫలకం అంటూ నాకే నోరు తిరగని మాటలు గుప్పించాను. తప్పులు దిద్దే ఆవిడ ఎవరో తెలియదు, పేరు కూడా రాసేవారు కాదు, మేము ఆమెకు దిద్దుడమ్మ అని పేరు పెట్టుకున్నాం. ఆమె ఒకే వాక్యం రాశారు. ‘ఈ ఫోనును మీరు ఒక్కసారైనా చేత్తో పట్టుకున్నారా?’ పట్టుకోలేదు. రెండో వారం చేతి గడియారం గురించి రాశాను, అది గుండె కొట్టుకోవడాన్ని లెక్కపెడుతుందట. అదీ పట్టుకోలేదు. దానికి ఆమె కొంచెం పొడుగ్గానే రాశారు. మీకు తెలిసిన వస్తువు గురించి రాయండి, మీ ఇంట్లో వాడేది అయితే మరీ మంచిది, ఉదాహరణలు కల్పించకండి, అసలైనవి ఇవ్వండి, పాఠకుడు చదవగానే చేసి చూసుకునేలా ఉండాలి. ఆ ఉత్తరాన్ని పెద్దమ్మ తన పిల్లల పరీక్ష పేపరు చదివినట్టు కళ్లజోడు సవరించుకుంటూ చదివి, ఈమె బాగా చెప్పింది, ఈమె చెప్పినట్టే చెయ్యి అంది. ఆ తర్వాత జరిగినదానికి మూలం ఇదేనని నేను చాలాసార్లు అన్నాను. పెద్దమ్మ ఒప్పుకోలేదు.

మా ఇంట్లో నాకు బాగా తెలిసిన టెక్నాలజీ అంటే బోరు మోటారు స్టార్టరు డబ్బా ఒక్కటే. దాంట్లో సిమ్ కార్డు ఉంటుంది. ఆ నంబరుకు ఫోన్ చేస్తే రెండుసార్లు మోగి అదే కట్ అవుతుంది, చేలో మోటారు ఆడుతుంది. మళ్లీ చేస్తే ఆగుతుంది. రూపాయి ఖర్చు లేదు, చేను దాకా నడిచే పని లేదు. మామూలుగా అయితే ఇంటివాళ్ల నంబర్లకు తప్ప అది పలకకుండా పెట్టుకోవచ్చు. బిగించడానికొచ్చినాయన ఎవరెవరి నంబర్లు ఎక్కించమంటారని అడిగితే, మా నాయన ఊళ్లో అందరివీ ఎక్కించుకోమన్నాడట. ఆయన ఫోనులో ఛార్జింగు ఎప్పుడూ ఉండదు, దారిన పోయేవాడి ఫోను తీసుకుని మోటారు వేసే మనిషి. ఆ బిగించినాయన విసిగిపోయి, ఎవరు చేసినా పలికేలా వదిలేసి పోయాడు.

ఈ వ్యాసం మాత్రం నేను ఇష్టంగా రాశాను. చరవాణి ఊసు లేదు, డబ్బా అన్నాను, మోటారు ఆడటం అన్నాను. రెండుసార్లు మోగి కట్ అయ్యాక, చేను దూరంగా ఉన్నా, పైపులో నీళ్లొచ్చే చప్పుడు మా నాయనకు వినిపించినట్టే ముఖం పెడతాడని రాశాను. ఉదాహరణ అసలైనది ఇమ్మన్నారు కదా అని, ‘మా మోటారు నంబరు ఇది’ అని పది అంకెలూ శుభ్రంగా రాసి పంపాను. వ్యాసం సైటులో పెట్టిన రోజు, చాలా రోజుల తర్వాత, మధ్యాహ్నం హాయిగా పడుకున్నాను.

లేచేసరికి పెద్దమ్మ ఫోను చెవికి పెట్టుకుని అయోమయంగా నిలబడి ఉంది. అవతల నాయన, ఎవరో కూలీ ఫోను నుంచి. ఆ వారం ఆఖరి కోత అయిపోయి, మిరపకాయలన్నీ బోరు పక్కనే కళ్లంలో ఆరబోసి ఉన్నాయి. చేనికి ఇక నీళ్లతో పని లేదు కాబట్టి అటు పోయే కాలువకు మట్టి అడ్డం వేసేశాడు. గొడ్ల తొట్టి నింపడానికి తప్ప మోటారు వేయడం లేదు. అట్లాంటిది, మోటారు దానంతట అదే ఆడుతోంది, ఆగుతోంది, మళ్లీ ఆడుతోంది. నీళ్లు పోయే దారి లేక కళ్లం మీదికి మళ్లుతున్నాయి. ఎండుమిరపకాయ తడిస్తే రంగు పోయి, సగం ధరైనా రాని తాలు కింద పోతుంది. ఏడాది కష్టమంతా ఆ ఎర్రటి పరుపు మీదే ఉంది.

ఇది ఎవరి పనో నాయనకు అనుమానమే లేదు. పక్క చేనాయన పనే. మేము ఆయన్ని గట్టు పెదనాయన అనేవాళ్లం. రెండు చేల మధ్య గట్టు ఎవరిదనే విషయంలో ఆయనా మా నాయనా మాట్లాడుకోవడం మానేసి చాలా కాలమైంది. మోటారు నంబరు మాత్రం ఆయన దగ్గర ఉంది, మంచిగా ఉన్న రోజుల్లో ఇచ్చిందే. ‘వాడే జేస్తాండాడు వదినా’ అన్నాడు నాయన పెద్దమ్మతో. ‘నేను పోయి మాట్లాడొస్తా.’ ఫోను పెట్టేశాడు. (మా వైపు మాట్లాడొస్తా అని కోపంగా బయల్దేరినవాడు మాట్లాడటానికి పోతున్నాడని ఎవరూ అనుకోరు.)

నా వ్యాసం ఎలా ఉందో చూద్దామని, ఆ గాభరాలో కూడా, ఫోను తెరిచాను. రాసేవాళ్ల బుద్ధి అంతే. కింద కామెంట్లు బారులు తీరి ఉన్నాయి. నేను చేసి చూశాను సిస్టర్, రెండుసార్లు మోగి కట్ అయింది, నిజమే. మా బావమరిదితో కూడా చేయించాను, వాడికీ అంతే. విశాఖపట్నం నుంచి చేస్తే కూడా పనిచేస్తుందా, చేశాను, పనిచేసినట్టుంది, మోటారు ఆడిందా లేదా దయచేసి చెప్పగలరు. పెద్దమ్మకు ఫోను చూపించాను. కాయలు పోతే పోయాయి, నాయన ఆ పెద్దమనిషి మీద చెయ్యి చేసుకుంటే ఆ గొడవ నాతో ఆగదు, మా పిల్లల దాకా నడుస్తుంది.

కూలీ ఫోనుకు చేస్తే ఎత్తలేదు. నాయన ఫోను యథాప్రకారం చచ్చి ఉంది. చిన్నమ్మ కాన్పు కోసం అమ్మ జూపాడు బంగ్లా అనే ఊరికి పోయి ఉంది. నంబరు తీసేయమని పోటీ వాళ్లకు రాస్తే, పోటీ ముగిసేవరకు వ్యాసంలో మార్పులు కుదరవని వెంటనే జవాబు వచ్చింది, అది మనిషి రాసిన జవాబు కూడా కాదు. ఇక మిగిలింది ఒక్కటే, మోటారుకు నేనే ఫోన్ చేసి ఆపడం. చేశాను. మీరు కాల్ చేస్తున్న వ్యక్తి మరొకరితో మాట్లాడుతున్నారు, దయచేసి కాసేపాగి ప్రయత్నించండి అంది ఫోనులోని గొంతు. మా మోటారు బిజీగా ఉంది.

ఇద్దరం చెప్పులు వేసుకుని బస్సెక్కాం. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే ఆ దారి నాకు ఎప్పుడూ అంత పొడుగ్గా అనిపించలేదు. బస్సులో నేనొక ఫోను, పెద్దమ్మ ఒక ఫోను పట్టుకుని మోటారుకు మార్చి మార్చి చేస్తూనే ఉన్నాం. శిరివెళ్ల దాటాక పెద్దమ్మకు దొరికింది. ‘మోగింది, రెండు తూర్లు మోగింది’ అని నా చెయ్యి పట్టుకుంది, ఆ సంతోషంలో దేవునికి స్తోత్రం కూడా చెప్పింది. ఒక నిమిషం పోయాక ఆమె ముఖం వాడిపోయింది. మనం చేసే ముందు అది ఆడుతా ఉండిందా, ఆగి ఉండిందా అని అడిగింది. ఆగి ఉంటే ఇప్పుడు మనమే ఆడించినట్టు. నాకేం తెలుసు. ఇంకోసారి చేయాలా వద్దా అని ఆళ్లగడ్డ వచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకుంటూనే ఉన్నాం, చేయలేదు, మానలేదు, ఫోన్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. పక్క సీటు ఆవిడ మాకు ఏదో పెద్ద ఆపద వచ్చిందనుకుని నీళ్ల సీసా ఇచ్చింది.

ఆటో దిగి చేను దగ్గరికి పోయేసరికి నేను ఊహించుకున్నది ఏదీ లేదు. నాయనా, గట్టు పెదనాయనా మోకాళ్ల దాకా బురదతో ఆ గట్టు మీదే పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఇద్దరూ అలసిపోయి ఉన్నారు, ఎవరు గెలిచారో తెలియని ముఖాలు. జరిగిందేమంటే, నాయన మోటారు ఆపి, కొట్లాటకని ఊళ్లో ఆయన ఇంటికి పోయాడు. ఫ్యూజు పీకి పోవాలని తోచలేదు, ఆయన లెక్కలో చెడింది డబ్బా కాదు కదా, మనిషి. ఇంటి దగ్గర ఆ మనిషి లేడు. ఇంకా కోపంగా చేనికి తిరిగొచ్చేసరికి ఆయన మా కళ్లంలోనే ఉన్నాడు. నీళ్లు రావడం తన చేలోంచి చూసి పరుగున వచ్చి, ఫ్యూజు పీకేసి, తన టార్పాలిన్ పట్టలు తెచ్చి పరిచి, కూలీలతో కలిసి మా కాయలు ఎత్తి పోస్తున్నాడట. నాయనను చూసి, అన్ని రోజుల తర్వాత ఆయన మొదట అన్న మాట, ‘ఈడ కాయలు నాన్తాంటే యాడికి పోయినావప్పా?’ నిన్ను కొట్టడానికే పోయినా అని చెప్పలేక, నాయన కూడా గంప అందుకున్నాడు.

అంచున ఉన్న కాయలు పోయాయి, నడుమ ఉన్నవి దక్కాయి. నేను నిలబడి సంగతంతా చెప్పాను. చెప్తున్నంతసేపూ నాయన నా వంక చూడలేదు, కాలి వేళ్ల సందులో బురద తీసుకుంటూ కూర్చున్నాడు. ఇక ఎండాకాలం దాకా ఆగేది లేదు, రేపే బి.ఇడి. అనుకున్నాను. ఎవరెవరు చేశారో చదవమన్నాడు. కామెంట్లన్నీ చదివాను. విశాఖపట్నం దగ్గరికొచ్చేసరికి గట్టు పెదనాయన ఆపమని, ఆడ ఉన్నోడు ఈడ మన మోటారు ఏసినాడా అని రెండుసార్లు అడిగి, నాయనతో, నీ మోటారుకు పెద్ద పేరొచ్చిందిలే అన్నాడు. నాయనకు నవ్వు రాబోయి ఆగింది. బురద చేతులు తుడుచుకుని నాతో అన్నాడు, ‘నువ్వు రాసింది పని జేస్తాదిలే.’ నా రాతకు అంతకంటే మంచి మాట ఇప్పటిదాకా ఎవరూ అనలేదు. ఆ విశాఖపట్నం ఆయన అడిగినదానికి జవాబు ఇచ్చావా అని అడిగాడు, ఇవ్వలేదన్నాను. ‘మోటారు ఆడింది, ఇంగ సాలు అని రాయి’ అన్నాడు. అక్కడే, బురదలో నిలబడి, అదే రాశాను.

పోటీలో మొదటి బహుమతి నాకు రాలేదు, దాన్ని ఎవరో కృత్రిమ మేధ గురించి రాసినాయనకు ఇచ్చారు. కానీ దిద్దుడమ్మ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఈ పోటీలో పాఠకులు చదివి, లేచి, ఏదో ఒకటి చేసిన వ్యాసం ఇదొక్కటేనని, ఉద్యోగంలో చేరమని, దయచేసి ఇకపై ఎవరి నంబరూ రాయవద్దని. పెద్దమ్మ మళ్లీ చర్చిలో లేచి నిలబడింది. నాయన మోటారు డబ్బాలో సిమ్ మార్చాడు. కొత్త నంబరు నాకు ఇవ్వలేదు, గట్టు పెదనాయనకు మాత్రం ఇచ్చాడు.

ఇప్పుడు నేను రాసేవి చాలామందే చదువుతారని ఆఫీసు వాళ్లు చెప్తారు. చదివి ఎవరూ ఏమీ చేయరు, ఎక్కడా ఒక చుక్క నీరు కదలదు. నాయన అప్పుడప్పుడూ నా వ్యాసం చదివించుకుని ఫోన్ చేసి, దీన్నన్నా పట్టుకున్యావా అని అడుగుతాడు. లేదు నాయనా అంటాను. సరే అని ఫోను పెట్టేస్తాడు, ఆ సరే నాకు కష్టంగా ఉంటుంది. మరీ విసుగొచ్చిన రోజున ఆ పాత వ్యాసం తీసి చూస్తాను. నంబరు ఎప్పుడో తీసేశారు, కామెంట్లు మూసేశారు. కానీ ఎవరి కళ్లలో కళ్లు పెట్టి చూడటానికీ భయపడుతూ, బురదలో నిలబడి, ఒక పిల్ల వేసిన ఆఖరి కామెంటు అట్లాగే ఉంది. ఆ పిల్లను చూస్తే నాకు నవ్వొస్తుంది, కొంచెం ఈర్ష్య కూడా. తర్వాత కంప్యూటరు కట్టేస్తూ, ఆ రోజు ఎక్కడా ఏమీ ఆడకపోయినా సరే, అదే మాట అనుకుంటాను. మోటారు ఆడింది, ఇంగ సాలు.