దొంగకూ ఓ గరిటె

మా దోల్గోర్ అవ్వకు ఒంట్లో ఏ జబ్బూ లేదు, ఒక్క కృతజ్ఞత తప్ప. అది మాత్రం బాగా ముదిరిపోయింది.

ప్రతి పొద్దునా తొలి టీ పొయ్యి దిగగానే, ఇంట్లో ఎవరి పెదవీ తడవకముందే, ఓ గిన్నెడు టీ, తొమ్మిది గుంటల చెక్క గరిటె పట్టుకుని గుడారం బయటికి వచ్చేది. ఆకాశానికి ఓ గరిటె, కొండకు ఓ గరిటె, ఏటికి ఓ గరిటె చల్లేది. ఇందులో వింతేమీ లేదు. మా గడ్డిమైదానంలో ఆడవాళ్ళందరం చేసేదే. నేనూ చిన్న ప్రార్థన చెప్పుకుని నాలుగు దిక్కులా చల్లి లోపలికి వస్తాను. టీ మీద పొగ ఇంకా లేస్తూనే ఉంటుంది. అవ్వ సంగతి అలా కాదు. అవన్నీ అయ్యాకే ఆవిడ అసలు పని మొదలయ్యేది.

"నిన్న నాలుగో తన్నుకే లేచిన మోటారుసైకిలుకు దండం! ఆలస్యమైనా వచ్చిన పశువుల డాక్టరుకు దండం! వాన పడుతుందని చెప్పిన రేడియో అబ్బాయికి దండం, పడకపోతే ఏం, పాపం మన మేలు కోరే చెప్పాడు! గుడారం పైన కప్పిన ఉన్ని ఎగరగొట్టినా కర్రలు వదిలేసి పోయిన గాలికి దండం!"

లోపల్నుంచి ఆవిడ మొగుడు గొంబో తాత ఖాళీ గిన్నెతో అరిచేవాడు. "ఏమే! మొత్తం ఆకాశమే తాగేసిందా, నాకేమన్నా మిగిలిందా?"

"మీ వంతు ఇంకా రాలేదు. కూర్చోండి."

"నా పేరు ఎన్నోది?"

"మేకల తరవాత."

నేను పక్క గుడారం నన్సల్‌ను. పద్దెనిమిది వేసవులు మా గుడారం వాళ్ళ గుడారం పక్కనే వేశాం. ఆ పద్దెనిమిదేళ్ళలో తాత వేడి టీ తాగగా నేను చూడలేదు. కుక్కలన్నీ తెల్లారగానే అవ్వ చుట్టూ చేరి, గాలి ఎటు వీస్తే అటు జరిగి, నోళ్ళు తెరుచుకుని నిలబడేవి. పాలటీ చుక్కలు పడి మా నల్లకుక్క వేసవంతా మచ్చల కుక్కే.

ఓసారి మఠం నుంచి వచ్చిన లామా గారు తాత మీద జాలిపడి నచ్చజెప్పబోయారు. "తల్లీ, శాస్త్రంలో తొమ్మిదే చెప్పారు. తొమ్మిది సార్లు చల్లితే చాలు."

"ఆ తొమ్మిదీ గరిటెకున్న గుంటలే కదా స్వామీ. గరిటెలెన్నో శాస్త్రంలో ఉందా?"

లామా గారు కాసేపు ఆలోచించి, లేదని ఒప్పుకున్నారు. మర్నాడు ఆ ఒప్పుకోలుకు కూడా ఓ గరిటె పడింది. ఆ వారమే తోడేలు ఓ గొర్రెను ఎత్తుకుపోతే, "రెండు దొరికేవే, ఒకటితో సరిపెట్టుకుంది, పిల్లల తల్లి" అని దానికీ చల్లింది. తాత మాత్రం ఆ పొద్దున టీ మానేసి నీళ్ళు తాగాడు.

ఇంత మంచి జబ్బుకూ ఓసారి ఎదురుదెబ్బ తగిలింది. ఆ చలికాలం మంచు మా లోయనంతటినీ కొట్టింది, కొండ వెనక ఉండే జమ్యాన్‌ను మరీ గట్టిగా కొట్టింది. గొర్రెలన్నీ పోయాయి, ఉన్న ఆరు గుర్రాలూ పోయాయి. పెళ్ళాం చూలాలు. మనిషి నోట్లో నాలుక లేనివాడు. పిండికోసం ఒకసారి, ఎండుగడ్డికోసం ఒకసారి, మళ్ళీ పిండికోసం ఒకసారి అవ్వ గుమ్మానికి వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ మెడ మరో అంగుళం కిందికి దిగేది. అవ్వ ఇచ్చింది. ఇచ్చి ఊరుకుంటే బాగుండేది. మర్నాడు గరిటె ఎత్తి, "మా గుమ్మానికి వచ్చి అడిగి, పెట్టే పుణ్యం మాకిచ్చిన జమ్యాన్‌కు దండం!" అని లోయంతా వినబడేలా అంది. ఆ మాట గాలిమీద కొండ వెనక్కి పోయింది. జమ్యాన్ మళ్ళీ అడగడానికి రాలేదు. అవ్వ దగ్గరికే కాదు, ఎవరి దగ్గరికీ పోలేదు.

వేసవి వచ్చింది. తాతకు నల్లజూలు రాగిరంగు గుర్రం ఒకటుండేది. దాని గొప్ప ఆయన చెప్పని రోజు లేదు, విన్నవాళ్ళు నమ్మిన రోజూ లేదు. ఒక పొద్దున చూస్తే కట్టుతాడుకు ఆ గుర్రం లేదు. వెండిబిళ్ళల జీను అక్కడే ఉంది. పాత కళ్ళెమూ గుర్రమూ మాత్రం లేవు.

తాత ఖాళీ తాడు చేత పట్టుకున్నాడు. మా అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు. "వాడి పేరు తెలియనీ! పండగనాడు మైదానంలో నిలబడి, వెయ్యిమంది ముందు ఆ పేరు అరుస్తాను. తరవాత వాడి గుర్రం పక్కన ఎవడు గుర్రం కడతాడో చూస్తాను!"

అది ఉత్త బెదిరింపు కాదు. మా దగ్గర జైలుకు వెళ్ళొచ్చినవాడికైనా టీ పోస్తారు. గుర్రపు దొంగ అని పేరుపడ్డవాడు గుమ్మం ముందుకొస్తే మీదికి ఉరికే కుక్కను కూడా పట్టి ఆపరు.

మర్నాడు పొద్దున అవ్వ గరిటె ఎత్తింది. ఆకాశం, కొండ, ఏరు అయ్యాయి. తరవాత, "మా రాగి గుర్రాన్ని తీసుకుపోయిన నాయనకు దండం! నాయనా, దాని వెనక ఎడమ గిట్ట మెత్తన. రాళ్ళలో తోలకు. ఉన్నిముక్క చుట్టు. చెమటమీద నీళ్ళు చూపించకు."

గుడారం లోపల గిన్నె ఎగిరిపడ్డ చప్పుడైంది. తాత ఒక కాలికి బూటు, ఒక కాలు వట్టిదిగా బయటికొచ్చాడు. "దొంగకు దండమా? ఓసి నీ గరిటె కాలిపోనూ!"

"ఎందుకంత కోపం? లోయలో నాలుగొందల గుర్రాలున్నాయి. వాడు మనదాన్నే ఎంచుకున్నాడు. దీన్ని మించిన గుర్రం లేదని ఇన్నేళ్ళూ మీరు చెబితే ఎవరైనా నమ్మారా? ఒక్క దొంగ నమ్మాడు."

తాత రెండో బూటు వెతుక్కుంటూ లోపలికి పోయాడు. ఆ మాటలో ఆయనకు కాస్త ఊరట కూడా దొరికినట్టే కనబడింది.

ఇక రోజూ అదే వరస. "కుడిచెవి వెనక గోకు నాయనా, లేకపోతే అలుగుతుంది." "అది ఎడమ పక్కకు చూస్తే దాహమని అర్థం." ఈ కబుర్లు గుర్రాలవాళ్ళ నోట గుడారం నుంచి గుడారానికి పాకాయి. పొద్దున్నే వినడానికి జనం వచ్చేవాళ్ళు. పశువుల డాక్టరు, "అవ్వా, మా ఇంట్లో పళ్ళూడిన మేకపోతు ఒకటుంది, దొంగగారికి చెప్పి పెట్టవూ" అని వేళాకోళమాడాడు. నేను పుట్టింటికి పోతే మూడు లోయల అవతల కూడా, "దొంగకు దండం పెట్టే అవ్వ పొరుగుదానివా?" అని అడిగారు. నవ్వుతూ అడిగారనుకోండి. నేను మాత్రం తల ఎత్తుకునే, "అవును, ఆవిడ పొరుగుదాన్నే" అన్నాను. అంతకంటే పెద్ద పేరు నాకు ఇంకెక్కడ దొరుకుతుంది?

పోలీసాయన కూడా వచ్చాడు.

"ఎవరిమీద అనుమానం అవ్వా?"

"ఎవరిమీదా లేదు నాయనా. ఇంత దూరం వచ్చావు, చల్లగా ఉండు."

"పేరు చెప్పకపోతే ఎట్లా పట్టుకోను?"

"నువ్వు తరిమితే వాడు పరిగెత్తిస్తాడు, గిట్ట పాడవుతుంది. ఇంకో గిన్నె తాగు."

ఆయన నాలుగు గిన్నెలు తాగి, పుస్తకంలో ఒక్క ముక్కా రాసుకోకుండా వెళ్ళిపోయాడు.

నాకు మాత్రం అనుమానం వచ్చింది. ఆవుల దగ్గర పక్కపక్కన కూర్చుని పాలు పితుకుతుంటే అడిగేశాను. "అవ్వా, నిజం చెప్పు. అతనెవరో నీకు తెలుసు కదూ?"

అవ్వ చెయ్యి ఆపలేదు. "గుర్రం పోయిన ఆ రాత్రి దూడను కట్టడం మరిచిపోయాను నన్సల్. తెల్లారేసరికి అది పాలన్నీ తాగేసి ఉండాలి. లేచి చూద్దును కదా, గుంజకు కట్టేసి ఉంది. గుర్రాన్ని తీసుకుపోతూ పోతూ, మన పాలు పోకుండా దూడను కట్టిపోయే దొంగలు ఈ లోయలో ఎంతమందున్నారే?"

"జమ్యానా?"

"నేను పేరు చెప్పలేదు. నువ్వూ అనలేదు." గొంతు తగ్గించింది. "వాడి పెళ్ళానికి నొప్పులు ముందే వస్తే ఆసుపత్రి బండిలో పెద్దాసుపత్రికి తీసుకుపోయారట, వాడు వెనక ఉండిపోయాడు. గుర్రంమీద రెండు రోజుల దారి. వాడికి ఎక్కడానికి మేక కూడా లేదు. ఒక్కమాట అడిగితే ఇచ్చేవాళ్ళం కామా? ఆ అడిగే నోరు కట్టేసిందెవరు? నేను. నా గరిటె."

ఆవిడ నోట దండమనే మాట రాక ఊరుకున్న ఘడియ నేను చూసింది అదొక్కటే.

పన్నెండో రోజు పొద్దున నేను పిడకలు ఏరుతుంటే, వాలులో రాగి గుర్రం కనబడింది. జమ్యాన్ దానిమీద ఎక్కి రావడం లేదు. రాళ్ళు తప్పిస్తూ, ముందు నడుస్తూ తెస్తున్నాడు. వచ్చి, తాడుకు కట్టి, వెనక్కి తిరిగాడు. సరిగ్గా అప్పుడే గుడారం తలుపు తెరుచుకుంది. అవ్వ గిన్నెతో బయటికొచ్చి గరిటె ఎత్తింది.

"ఆకాశానికి దండం!"

జమ్యాన్ ఎక్కడివాడక్కడ నిలిచిపోయాడు. చల్లుతున్న మనిషి ముందునుంచి దాటిపోకూడదని మా కట్టుబాటు. వాడి దారేమో అవ్వ ముందునుంచే. పాపం, టోపీ తీసి చేత పట్టుకుని నిలబడ్డాడు, అవ్వ జాబితా అయిపోతే పోదామని! అవ్వ జాబితా సంగతి కొండ వెనక ఉండేవాడికేం తెలుసు? ఆవిడ ఆ రోజు పురుగుల్ని వదల్లేదు, పుట్టగొడుగుల్ని వదల్లేదు. ఏం చెయ్యాలో తోచేదాకా సాగదీస్తోందని నాకు అర్థమైంది.

"ఏమే, ఇవాళ..." అంటూ ఖాళీ గిన్నెతో వచ్చిన తాత గుర్రాన్ని చూశాడు. గిన్నె కింద పడింది. పరిగెత్తిపోయి మెడ కావలించుకున్నాడు, పళ్ళు చూశాడు, కాళ్ళు తడిమాడు. వెనక ఎడమ గిట్ట దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. గిట్టకు మెత్తటి ఉన్ని చుట్టి ఉంది. మెల్లగా లేచి జమ్యాన్ వంక చూశాడు.

అవ్వ గరిటె గాలిలోకి లేచింది. "ఈ పొద్దున మా గుర్రాన్ని నడిపించుకొచ్చి మా తాడుకు కట్టిన జమ్యాన్‌కు దండం!"

నేనూ పాపభీతి ఉన్నదాన్నే. ఆ మాటను ఎన్నిసార్లో తిరగేసి చూశాను. అందులో గింజంత అబద్ధం లేదు.

"ఉన్ని ఎవరు చుట్టారు?" అన్నాడు తాత.

"నేనే తాతా."

"చుట్టమని ఎవరు చెప్పారు?"

"అవ్వే. దారిలో ప్రతి గుడారంలోనూ అవ్వ మాటలే చెప్పుకుని నవ్వుతున్నారు. విన్నవన్నీ చేశాను."

"కుడిచెవి వెనక గోకావా?"

"రోజూ." జమ్యాన్ తల ఎత్తాడు. "తాతా, నేనే ఆ..."

"నోర్ముయ్. పెళ్ళాం ఎట్లా ఉంది?"

"ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు."

పన్నెండు రోజులుగా దాచుకున్న కేక తాత గొంతులో పైకీ కిందికీ కదలడం నా కళ్ళతో చూశాను. చివరికి దాన్ని మింగేశాడు. లోపలికి పోయి, పొగలు కక్కే తొలి గిన్నె రెండు చేతులా పట్టుకొచ్చి జమ్యాన్‌కు అందించాడు.

"తాగు. నేనైతే ఈవిడను కట్టుకున్నప్పటినుంచీ వేడిది ఎరగను. ఎట్లా ఉంటుందో తాగి చెప్పు."

జమ్యాన్ తాగాడు. నాలుక కాలింది, కళ్ళవెంట నీళ్ళు కారాయి, టీ వల్లేనని అందరం నమ్మాం.

అప్పుడు అవ్వ గరిటె కింద పెట్టి అతని దగ్గరికి వచ్చింది. లోయంతా వినబడే ఆ గొంతు అతనికి తప్ప వినబడనంత తగ్గించింది. పక్కనే ఉండబట్టి నాకూ వినబడింది.

"జమ్యాన్, నాకో సాయం కావాలి నాయనా."

జమ్యాన్ వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినైనా అడుగుతోందేమోనని. చలికాలం నుంచీ అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు మరి.

"ఎల్లుండి గుర్రప్పిల్లల్ని మొదటిసారి పట్టి కట్టాలి. లోయంతా వస్తుంది. తొలి పిల్లను పట్టే చెయ్యి మంచి చెయ్యి అయ్యుండాలి. మా ముసలాయనకు ఈమధ్య చెయ్యి వణుకుతోంది, పైకి చెప్పుకోడు. నువ్వొచ్చి పట్టిపెట్టు. కాదనకు నాయనా. అడగడం నాకు అలవాటు లేదు, సరిగ్గా అడిగానో లేదో కూడా తెలీదు."