లక్ష్మికి పట్టిన సాంబ్రాణి

సాంబ్రాణి పొగ ముక్కుకు తగిలితే అందరూ కళ్లు మూసుకుని దండం పెట్టుకుంటారు. నేను మాత్రం పైకప్పు వైపు చూస్తాను. సూర్యాపేటలో నేను పనిచేసే బట్టల దుకాణంలో శుక్రవారం పొగ వేసినప్పుడల్లా ఇదే తంతు. ఓనరు నాకు భక్తి ముదిరిందనుకుంటున్నాడు.

మునగాలలో మా తాతకు రైస్‌మిల్లు ఉండేది. దసరా వచ్చిందంటే మోటార్ల మోత ఆగి, కడిగిన నేల మీద తవుడు వాసన తేలిపోయి, దాని స్థానంలో అమ్మా పెద్దమ్మా వేసే గారెల నూనె వాసన మిల్లంతా కమ్ముకునేది. మేం పిల్లలం ఊక కుప్ప మీంచి జారి చొక్కాల నిండా దురద నింపుకునేవాళ్లం. తాత తెల్ల పంచె కట్టి, పాడిగేదెను నిమిరినట్టు ఒక్కో మోటారునూ నిమిరి బొట్టు పెట్టేవాడు.

మిల్లు నీళ్లట్యాంకు కింద ఏటా చేటంత తేనెతుట్టె పట్టేది. తుట్టె ఉన్న చోట లక్ష్మి ఉంటుందని తాత నమ్మకం, కాబట్టి దాన్ని ఎవరినీ తీయనిచ్చేవాడు కాదు. మా రక్షణ కోసం ఆయన చేసిన ఏర్పాటు ఒక్కటే: అటు వెళ్తే తన్నులు. ఈగలు ఇటు రాకుండా మాత్రం ఏ ఏర్పాటూ లేదు.

నాకు ఎనిమిదేళ్లప్పటి దసరా అది. మోటార్లకూ, కాటాకూ, చివరికి బస్తాలు కుట్టే సూదికీ హారతి అయ్యాక, తాత సాంబ్రాణి గిన్నె ట్యాంకు కిందికి తీసుకెళ్లి లక్ష్మికి కూడా పొగ పట్టాడు. లక్ష్మికి నచ్చలేదు. మగవాళ్లు తువ్వాళ్లు ముసుగేసుకుని ఉరికారు, తాత అందరికంటే ముందు ఆఫీసు గదిలో తేలాడు. ఆయన వెనకాలే కొబ్బరిచిప్పల పళ్లెం పట్టుకుని నిలబడ్డ మా అక్క మీద ఈగలు ముసురుకున్నాయి.

ఎలాగో లోపలికి లాగారు. ఇక వైద్యం మొదలైంది. పెదనాన్న పాన్ డబ్బాలోని సున్నం పూశాడు, పెద్దమ్మ దాని మీద పసుపు అద్దింది, నాయనమ్మ ఇనుప తాళంచెవితో రుద్ది బయట కనిపిస్తున్న ముళ్లను కూడా లోపలికి పంపింది. ముందు పూయాల్సింది సున్నమా పసుపా అని కాసేపు వాదన కూడా జరిగింది. ఈలోపు అక్క మూతి వాచి, మాట పోయి, ఊపిరి ఈల వేస్తోంది.

"లచ్చిమికి కోపమొచ్చింది. ఇంకో టెంకాయ కొట్టుండ్రి," అన్నాడు తాత.

కొట్టారు. అక్కకు ఊపిరి అందడం లేదు, మావాళ్లు వంగి టెంకాయ సరిగ్గా పగిలిందా లేదా అని చూస్తున్నారు. ఇన్నేళ్ల తర్వాత ఇది రాస్తుంటే కూడా పళ్లు పటపటా కొరుకుతున్నాను.

మామగారైన తాత ఎదుట అమ్మ నోరు విప్పగా అప్పటిదాకా ఎవరూ వినలేదు. అక్కను భుజాన వేసుకుని, తాత మాట కోసం చూస్తున్న నాన్న దగ్గర ఆగింది.

"పిల్లకు దమ్ము వస్తలేదు. ఆటో ఎక్కుతవా, గీడనే మీ నాయిన మొఖం సూస్కుంట కూసుంటవా?"

నాన్న ఎక్కాడు.

సూర్యాపేట దవాఖానలో సూది పడ్డాక అక్క ఊపిరి తెరిపిన పడింది. ముళ్లు కనబడగానే గోటితో గీకి తీసేయాలనీ, సబ్బుతో కడిగి ఐసు పెట్టాలనీ, మూతి వాచినా ఊపిరి బిగిసినా ఇంటి వైద్యాలతో కాలం గడపొద్దనీ డాక్టరు చెప్పాడు. ఈ పిల్లను మళ్లీ కుడితే ఇంకా ప్రమాదమనీ, తుట్టె దరిదాపులకు పంపొద్దనీ, పొగ పెట్టి ఈగలను రేపొద్దనీ గట్టిగా చెప్పాడు. ఇంటికి రాగానే తాత ఎదురొచ్చి మమ్మల్ని ఊరడించాడు: "తుట్టెకేం గాలే."

తాత పోయాడు. ఊక ఇప్పుడు ఎప్పటికప్పుడు లారీల్లో పోతోంది, గారెలు హైవే మీది హోటల్ నుంచి వస్తున్నాయి. తుట్టె మాత్రం ఏటా పడుతోంది, పెదనాన్న ఏటా పొగ పడుతున్నాడు. తీసేవాళ్లను పిలుస్తానంటే, లచ్చిమిని ఎల్లగొడ్తవా అని నా మీదికి లేచాడు. అక్క కోదాడలో కాపురం చేస్తోంది, దసరాకు మిల్లు గడప తొక్కదు. పెళ్లయ్యాక గర్వం పెరిగిందని పెద్దమ్మ అంటుంది. అమ్మ వాదించదు, పొద్దున్నే కోదాడ బస్సెక్కుతుంది. నాన్నా నేనూ వెనకాలే వెళ్తాం.

మొన్న దసరాకు మేం అక్క ఇంట్లో తింటుండగా పెదనాన్న ఫోన్ చేశాడు.

"ఎవ్వలు రాకుంటే గిది పండుగెట్లయితదిరా? మీ పెద్దమ్మ సుత తల్లిగారింటికి వోయింది, నేనొక్కన్నే ఉన్న గీడ."

"ఒక్కడివెట్లయితవ్ పెద్దనాయినా," అన్నాను. "లచ్చిమి ఉన్నది గద."