నతానియేలు సారు కుర్చీ

మా నతానియేలు సారుకు ఒకటే జబ్బు. ఎదుటి మనిషికి ప్రభుత్వంతో పని ఉందని తెలిస్తే చాలు, ఆయన ఆఫీసరైపోయేవాడు. సలహా చెప్పి వదిలే రకం కాదు. కుర్చీలో కూర్చుని, లేని మీసం దువ్వి, "ఏందీ గోల?" అని అరిచేవాడు. ఎదుటివాడు నిలబడి తన పని చెప్పుకోవాలి. తడబడితే మళ్ళీ గుమ్మం దగ్గర్నుంచి మొదలు.

నంద్యాలలో బడిపంతులుగా రిటైరై, ఆళ్లగడ్డలో మా పక్కింట్లో దిగాడు. ఊళ్ళోకి కరెంటు స్తంభాలు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. కనెక్షన్ ఎవరిని అడగాలో, ఏమని అడగాలో వీధి వీధంతా ఆయన దగ్గరే నేర్చుకుంది. నేర్పేది మాత్రం లాంతరు వెలుగులో. "మీ ఇంటికెందుకు లేదు సారూ?" అంటే, "నా కండ్లకు లాంతరే చలువ" అనేవాడు.

బస్సులోనూ అంతే. నంద్యాల నుంచి వస్తుంటే, పక్కనున్న సంజామల రైతు తన పొలం సర్వే సంగతి ఎత్తాడు. "లేసి నిలబడప్పా! ఆఫీసరు ముందర కూచుంటావా?" అన్నాడు సారు. ఆ రైతు ఆళ్లగడ్డ దాకా నిలబడే వచ్చాడు. దిగేటప్పుడు చేతులు కట్టుకుని, "మళ్ళా ఎప్పుడు రమ్మంటారు దొరా?" అని అడిగాడు పాపం.

సారు ఇంట్లో నడిచే ఈ ఆఫీసులో నాకూ ఉద్యోగం ఉండేది. బంట్రోతుని. గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళను అడ్డుకోవాలి. "కసిరితేనే బంట్రోతు, లక్ష్మీనారాయణా!" అని సారు ఆజ్ఞ. ఒకరోజు తల వంచుకుని వస్తున్న ఒక పెద్దమనిషిని, "యాడికప్పా పోతాండావ్? బయట నిలబడు!" అని గద్దించాను. తల ఎత్తితే నాకు పిల్లనిచ్చిన మా మామ! నన్ను వెతుక్కుంటూ బనగానపల్లె నుంచి మామిడిపండ్ల గంపతో వచ్చిన మనిషి, గంపతో సహా తిరుగు బస్సెక్కాడు. ఎండాకాలమంతా మా ఆవిడ రామేశ్వరమ్మ నన్ను "బంట్రోతూ, అన్నానికి రా" అనే పిలిచింది.

ఆ ఎండల్లోనే జీవమ్మ వచ్చింది. ఊరవతలున్న వాళ్ళ పేటకు బావి లేదు. వంక ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీళ్ళు తోడుకుని తాగేవాళ్ళు. ఆ చెలమలూ అడుగంటి, బురదనీళ్ళతో పిల్లలకు వాంతులూ బేదులూ పట్టుకున్నాయి. బ్లాకు ఆఫీసులో అడిగితే బావి తవ్విస్తారని సారే చెప్పాడు. పేటంతా కలిసి జీవమ్మనే పోయి అడగమంది. ఆమెకేమో ఆఫీసు పేరెత్తితేనే నోరు పెగలదు.

"ఏందీ గోల?" అరిచాడు సారు.

"ఏం లేదు సామీ" అని జీవమ్మ వెనక్కి తిరిగింది.

"నీళ్ళు లేకుంటే, ఏం లేదంటావేందమ్మా! మళ్ళా రా!"

రోజూ పొద్దున్నే కసిరాడు. బల్ల గుద్దాడు. "రేపు రా పో" అన్నాడు. చివరికొక రోజు జీవమ్మే బల్ల గుద్దింది. "రేపటిదాకా పిల్లోళ్ళు ఏం తాగాల? నువ్వే వచ్చి ఆ చెలమనీళ్ళు తాగి చూడు!"

సారు మొహం వెలిగిపోయింది. "పాసు!" అన్నాడు.

ముగ్గురం బ్లాకు ఆఫీసుకు పోయాం. చిన్న వయసు ఆఫీసరు మెత్తగా, "కూర్చోమ్మా. ఏం కావాలి?" అన్నాడు.

జీవమ్మ బిత్తరపోయింది. ఇది పాఠంలో లేదు.

"అట్లంటే ఎట్ల సార్?" అంది చివరికి. "ముందు నువ్వు 'ఏందీ గోల' అనాల. అప్పుడు నేను చెప్తా."

ఆఫీసరు నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. ఆయన మంచివాడు. గొంతు సవరించుకుని, "ఏందీ గోల?" అన్నాడు.

ఇక జీవమ్మ ఆగలేదు. చెలమ దగ్గర మొదలుపెట్టి, బల్ల గుద్దడం దాకా ఒక్కటీ వదల్లేదు. ఆ వారమే వచ్చి స్థలం చూస్తానని ఆఫీసరు మాటిచ్చాడు.

సంతోషంతో వెనక్కి తిరిగితే సారు లేడు! గేటు అవతల చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాడు.

"లోపలికి రాలేదేం సారూ?"

"నాకు భయమప్పా" అన్నాడు మెల్లగా. "ఆఫీసు గడప తొక్కితే నా నోరు ఎండిపోతాది. వయసులో ఉన్నప్పుడు బదిలీ అడగను పోయి, ఉత్త దండం పెట్టి తిరిగొచ్చినా. ఇంకొకరికి ఆ గతి పట్టగూడదు గదా! నాకంటే చెడ్డ ఆఫీసరు యాడా ఉండడు. నన్ను దాటినోళ్ళు ఎవర్నైనా దాటుతారు."

జీవమ్మా నేనూ మొహాలు చూసుకున్నాం. లాంతరు ఆయన కళ్ళకెందుకు చలువో అప్పటికి తెలిసింది.

బావి పడింది. నీళ్ళు తియ్యగా పడ్డాయి. తొలికడవ జీవమ్మ సారు ఇంటికే తెచ్చింది. కడవ దించి, తిన్నగా పోయి ఆయన కుర్చీలో కూర్చుంది.

"గుమ్మం దగ్గర్నుంచి రా సారూ. ఇంటికి కరెంటు కావాలంట గదా. ఏందీ గోల?"

"ఏం లేదమ్మా..." సారు చెమటలు తుడుచుకుంటూ బయటికి తిరిగాడు.

"దీపం లేకుంటే, ఏం లేదంటావేందప్పా! మళ్ళా రా!"

నేను పరుగున పోయి గుమ్మంలో నిలబడ్డాను. బంట్రోతు లేకుండా ఆఫీసేమిటి? వస్తున్నది మా మామ కాదని ఒకటికి రెండుసార్లు చూసుకుని, సారు మీద నాకున్న ప్రేమంతా గొంతులోకి తెచ్చుకుని కసిరాను.

"యాడికప్పా పోతాండావ్?"