మేకుకు తాళంచెవి

అశోక్‌నగర్‌లో ఇంద్రసేన కిరాయికున్న మేడమీది వాటాలోకి దొంగ వెనక కిటికీలోంచి వచ్చాడు. తొంభై మూడు ఎండాకాలం, ఇంటిల్లిపాదీ అంబర్‌పేట్‌లో పెండ్లికి పోయిన పగటిపూట. కింది వాటా మాసమ్మ వంటింటి రేకులు ఎక్కితే ఆ కిటికీ చేతికందుతుంది. జయశ్రీ వెండి కుందులు, టేప్‌రికార్డరు, ఆఖరికి పొయ్యిమీది పాలగిన్నె కూడా పోయాయి.

"తాగితే తాగిండు, గిన్నెన్న కడిగిపెట్టి పోవద్దా" అని జయశ్రీ నవ్వింది.

ఇంద్రసేనకు నవ్వు రాలేదు. నారాయణగూడలో స్కూలు పుస్తకాల దుకాణంలో పనిచేసే ఆ మనిషి షట్టరు దించాక కూడా వెనక్కి వచ్చి తాళం లాగి చూసే రకం. ఇంటాయనను అడిగి, తన డబ్బుతోనే అన్ని కిటికీలకూ గ్రిల్స్ బిగించడానికి సిద్ధపడ్డాడు.

"ఇల్లా ఇది, చంచల్‌గూడ జైలా? వెనక కిటికీకన్న తెరుచుకునేటట్టు పెట్టియ్యున్రి. మెట్లు వంటింటి పక్కకే ఉన్నయి. రేపు గ్యాసు అంటుకుంటె ఎటు పోవాలె?" అంది జయశ్రీ.

ఆ మాట అతనికి నచ్చింది. వెనక కిటికీకి తలుపులా తెరుచుకునే గ్రిల్ పెట్టించి తాళం వేశాడు. చెవి ఎక్కడ పెట్టాలన్న దగ్గరే వాదన వచ్చింది. కిటికీ పక్కనే మేకు కొట్టమంది జయశ్రీ.

"కర్రతోని గుంజుకుంటడు. నీకు తెల్వది" అన్నాడు ఇంద్రసేన. వాళ్ళమ్మ బతికినన్నాళ్ళూ బీరువా చెవి దేవుని పటం వెనకే ఉండేది. అతనూ ఈ చెవిని వంటింట్లో దేవుని గూట్లో, పటం వెనక పెట్టాడు.

"దేవుణ్ణి కాపలా కూసోబెట్టిన్రా? జీతమెంత?"

ఆ ఏడు కార్తీక సోమవారం జయశ్రీ ఉపవాసం ఉంది. సాయంత్రం దాకా గూట్లో దీపం కొండెక్కకూడదని ప్రమిద నిండా నూనె పోసి, లావు వత్తి వేసి, వెనక గదిలో నడుం వాల్చింది. కూతురు తన్మయి బడిలో ఉంది, ఇంద్రసేన దుకాణంలో ఉన్నాడు. దీపం గూటి తెరకు అంటుకుంది, తెర నుంచి నూనె డబ్బాకు. ఆమె లేచేసరికి వంటిల్లూ మెట్లదారీ పొగతో మూసుకుపోయాయి.

మాసమ్మ తన రేకులెక్కి గ్రిల్ పట్టుకుని ఊపింది. "తాళం తియ్యి అక్కా! తియ్యి!"

"చెవి దేవుని కాడుంది మాసమ్మా" అంది లోపల్నుంచి జయశ్రీ. ఆ తర్వాత దగ్గు వినిపించింది. గడ్డపార తెచ్చి తాళం పగలగొట్టేలోపు అదీ ఆగిపోయింది.

ఈ సంగతి ఇంద్రసేనకు మాసమ్మే చెప్పింది. అతను ఇంకోసారి చెప్పించుకున్నాడు. మూడోసారి అడిగితే ఆమె కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఏడాది తిరక్కముందే బిడ్డను తీసుకుని చిక్కడపల్లికి, లైబ్రరీ వెనక గల్లీలోకి మారాడు. ఆ ఇంటి ఊచలు గోడలోకే దిగ్గొట్టినవి. ఒక కిటికీకి వాటిని కోయించి, తెరుచుకునే గ్రిల్ పెట్టిస్తానంటే ఇంటాయన రామచంద్రరావు గారు ఇబ్బందిపడ్డారు.

"కోసేస్తే మీరు ఖాళీ చేశాక మళ్ళీ ఎవరు బిగిస్తారండీ?"

"నేనే బిగించి పోత సార్. దండం పెడ్త."

ఆయన అతని మొహం చూసి సరేనన్నారు.

మేకు మాత్రం ఇంద్రసేన స్వయంగా కొట్టాడు. బయటినుంచి కర్రకు అందకూడదు, మంచం మీంచి పిల్ల చేతికి అందాలి. చేయి చాపి, కర్ర దూర్చి చూసి, రెండు చోట్ల గోడ పాడుచేసి, మూడోచోట కుదిర్చాడు. ఆదివారం పూట తన్మయిని కళ్ళు మూసుకుని తాళం తియ్యమనేవాడు.

"దాగుడుమూతలా నాన్నా?"

"ఆ. అదే అనుకో."

మరుసటి వేసవిలో పక్కింట్లో దొంగలు పడ్డారు. గల్లీ అంతా అదే మాట. ఆ సాయంత్రం ఇంద్రసేన దుకాణం నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూనే అలవాటుగా గోడ వైపు చూశాడు. మేకు ఖాళీగా ఉంది.

"చెవేది బిడ్డా?"

"భద్రంగ పెట్టిన నాన్నా" అంది తన్మయి, మెచ్చుకుంటాడనుకుని. "అమ్మ ఫోటో వెనక. దొంగొస్తె అమ్మ చూసుకుంటది."

ఫోటో ముందు దీపం వెలుగుతోంది. ఇంద్రసేన గోడ పట్టుకుని నిలబడ్డాడు. దీపం మీదుగా చెయ్యి పోనిచ్చి చెవి తీశాడు. వెచ్చగా ఉంది. అరచేతిలో అది చల్లబడేదాకా ఉండి, తీసుకెళ్ళి మేకుకు తగిలించాడు.

"మరి దొంగొస్తె?"

"రానీ. ఏం కావాలెనో తీస్కపోనీ."

పిల్లకు ఏడుపొచ్చింది. అతను చాప తెచ్చి కిటికీ కింద పరుచుకున్నాడు. "ఈడ నేనుంట బిడ్డా. అమ్మకు పని చెప్పకు" అన్నాడు.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అతను పడుకున్నది అక్కడే.